ఒంటిచేతి చాకు కోసం బెజవాడ దాకా

రండి, లోపలికి రండి. గుమ్మంలో ఎండ పడుతోంది, ఆ చాప ఇటు లాక్కుని నా పక్కకి జరగండి. నా గొంతు మునుపటిలా దూరం పోదు. బెజవాడ మేమెరగమా అంటారేమో. మీరు సినిమాకో, కొండ మీద అమ్మవారికో వెళ్లి చూసిన బెజవాడ వేరు. రొంటిన పెట్టుకునే చిన్న మడత చాకు కోసం మా ఆయనా నేనూ తిరిగిన బెజవాడ వేరు. వీధికొక ఎస్టీడీ బూతు ఉన్న రోజులవి. సెల్‌ఫోన్లు ఇంకా మా పెడన మొహం చూడలేదు.

ముందు ఆ పాత చాకు సంగతి

మాది నేతపని ఇల్లు. ముందు గదిలో గుంట మగ్గం, వెనక వంటిల్లు, ఆ రెంటి మధ్యా మా కాపురం. మా ఆయన రొంటిన ఎప్పుడూ ఒక మడత చాకు ఉండేది. కొమ్ము పిడి, వేలంత రేకు. దాంతోనే పోగుల కొసలు కోసేవాడు, దాంతోనే వక్క చెక్కేవాడు, దాంతోనే జామకాయ ముక్కలు చేసి వీధి పిల్లలకి పంచేవాడు. ఎవరింట్లో ఏ తాడు ముడిపడినా "సుబ్బయ్య గారూ, ఒక్కసారి చాకు" అని కేక వినపడేది. ఈయన లేచి వెళ్లి తనే కోసి వచ్చేవాడు గానీ చాకు మాత్రం ఇచ్చేవాడు కాదు, చేతికిస్తే తగువులొస్తాయని.

ఆ ఏడు దసరా ముందు కాలవగట్టు మీద నడుస్తూ నడుస్తూ కూలిపోయాడు. పక్షవాతం. నలుగురూ మోసుకొచ్చారు. మనిషి దక్కాడు, చాకు కాలవలోకి జారిపోయింది. నెమ్మది మీద కాలు స్వాధీనానికి వచ్చింది. ఎడమ చెయ్యి రాలేదు. మగ్గం మీద కుడిచెయ్యి పోగుని అటూ ఇటూ నడిపే నాడె తాడు లాగాలి, ఎడమచెయ్యి దాన్ని తట్టి బిగించే పలక ఊపాలి. రెండూ ఆడితేనే నేత.

ఇంటరు తప్పి ఇంట్లో ఉన్న మా రెండో పిల్ల నాగమణి గుంటలోకి దిగింది. ఆయన పక్కన పీట వేసుక్కూచుని నోటితోనే పని నేర్పాడు. "పోగు బిగిసి ఏడుస్తోందే, వినపడట్లా?" అనేవాడు. పిల్ల "పోగు కాదు నాన్నా, నా నడుము ఏడుస్తోంది" అనేది. అలా నెలలు గడిచి పిల్ల చేతి మీద మొదటి చీర చివరికొచ్చింది. ఇంకో జానెడు నేస్తే అయిపోయినట్టే. అమావాస్య వెళ్లిన నాలుగో నాడు షావుకారు గారి మనిషి చీర కోసం వస్తానని కబురు పెట్టాడు.

మా వీధిలో ఒక పద్ధతి ఉంది. కొత్త చెయ్యి నేసిన మొదటి బట్టని, ఆ చేతికి పని నేర్పినవాళ్లే మగ్గం మీంచి కోసి దించాలి. కత్తెర ఒప్పుకోరు, కత్తెర దర్జీది అంటారు. వంటింటి కత్తి తగలనివ్వరు. నేతగాడి రొంటి చాకే కావాలి. మా ఆయనేమో "ఎదురింటి రాములు మావయ్యని పిలవండి, ఆయన కోస్తాడు" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాగమణి నా దగ్గరికొచ్చి మెల్లిగా అంది: "అమ్మా, నాన్న కోయకపోతే నేను మళ్లీ గుంటలోకి దిగను. నాకు ఆయన నేర్పలేదని వీధి వీధంతా చాటినట్టే కదా." అలకతో అన్న మాట కాదది. ఆ పిల్ల అన్నదంటే చేస్తుంది. పిల్ల దిగకపోతే మా ఇంట్లో మగ్గం చప్పుడు ఆగిపోతుంది. ఆ చప్పుడు వినడానికే ఆయన పొద్దున్నే లేస్తున్నాడని నాకు తెలుసు.

వెళ్లి నిలదీశాను. "కొత్త చాకు తెచ్చిపెడితే కోస్తారా?"

"మడత చాకు తెరవడానికి రెండు చేతులు కావాలే. పిడి పట్టుకునేది ఒకటి, గాడిలో గోరు పెట్టి రేకు లాగేది ఒకటి. ఇంకొకళ్లు తెరిచి నా చేతిలో పెడితే నేను కోసినట్టు ఎట్టా అవుతుంది?" అన్నాడు. ఇంక నా నోరు మూయిద్దామని, "ఒక చేత్తో తెరిచి అదే చేత్తో మూసే చాకు ఎక్కడన్నా ఉంటే పట్టుకురా, అప్పుడు చూద్దాం" అన్నాడు.

"పట్టుకురావడం ఎందుకు, మీరే చూసుకుందురు గానీ పదండి" అన్నాను.

అమావాస్య బండి

మా నేతవాళ్లకి వారాలతో పనిలేదు. ఆదివారాలు బడిపిల్లలకీ ఆఫీసుల వాళ్లకీ. మా మగ్గాలు ఆగేది అమావాస్యకి. పెళ్లికి వెళ్లాలన్నా, ఆసుపత్రికి వెళ్లాలన్నా అమావాస్య ఎప్పుడా అని చూసుకుంటాం. అలాగే పుష్య అమావాస్య పొద్దున్న ఇద్దరం పాసింజరు ఎక్కాం. జబ్బు చేశాక ఆయన ఊరు దాటడం అదే మొదలు. పెడన స్టేషన్లో తెలిసినవాళ్లు పలకరిస్తారని పై కండువా మొహం మీదికి లాక్కున్నాడు.

మంచు దట్టంగా ఉంది. కోసేసిన వరి చేలల్లో మినుము మొలిచి నేలంతా పచ్చటి దుప్పటి కప్పినట్టుంది. కవుతరంలో ఒకావిడ జామకాయల గంప ఎత్తుకుని ఎక్కి మా కాళ్ల దగ్గర దించింది. గంపకి చోటిచ్చామని మా ఆయన చేతిలో ఒక కాయ పెట్టింది. దోరకాయ, గట్టిగా ఉంది. ఈయన చెయ్యి దానంతటదే రొంటికి పోయింది. అక్కడేముంది, ఉత్త పంచె మడత. కాయ అలాగే పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాడు.

"ఏం బాబుగారూ, తినరేం? పుల్లగా ఉంటుందనా?"

"చాకు లేదమ్మా."

"జామకాయకి చాకేమిటండీ, పళ్లున్నాయిగా. మా ఆయనకి అవీ లేవు, ఆయన కోసం నేను నమిలి పెట్టాలేమో ఇంక" అని నవ్వింది. పక్కవాళ్లు కూడా నవ్వారు. ఈయనా మర్యాదకి కొంచెం నవ్వి, కాయని నా ఒళ్లో పెట్టేశాడు. గుడివాడలో వేడి వేడి ఉడికించిన శనగలు కొన్నాను. పొట్లం రూపాయి. ఒక చేత్తో తినే తిండి ఏమిటా అని అప్పటికే నేను వెతుక్కోవడం అలవాటు చేసుకున్నాను.

వన్ టౌన్‌లో "ఎన్ని డజన్లు?"

బెజవాడ స్టేషన్ దిగి వన్ టౌన్ సందుల్లో పడ్డాం. మా పెడనలో కొట్టుకెళితే "ఎవరి తాలూకమ్మా?" అని అడుగుతారు. అక్కడ "ఎన్ని డజన్లు?" అని అడుగుతారు. అంతా టోకు బేరం. "ఒక్కటే" అంటే మొహం తిప్పుకుంటారు. ముందు తోపుడు బండి, వెనక ఆటో, పైనుంచి "పక్కకి, పక్కకి" అని అరుపులు. మా ఆయన ఎడమకాలు ఈడుస్తూ నడుస్తాడు కదా, ఒక మిరపకాయ బస్తాల బండి చక్రం కింద ఆయన చెప్పు ఇరుక్కుని పట్టీ తెగిపోయింది. బండి లాగే అతను ఆగలేదు, ఆగితే వెనక బళ్లు మీదికొస్తాయి. "ఏమనుకోకండి పెద్దాయనా" అని కేకేస్తూనే పోయాడు. ఆ తెగిన చెప్పుతోనే ఒక ఇనప సామాన్ల కొట్టు ఎక్కాం.

కొట్టు పెద్దది. కొనేవాళ్లు ఒక్కరూ లేరు. విభూతి రేకలు పెట్టుకున్న కొట్టాయన పేపరు చదువుకుంటున్నాడు. చాకులు అడిగితే, అద్దాల పెట్టె తీసి వరసగా పరిచాడు. స్టీలువి, చెక్క పిడివి, తాళాల గుత్తికి వేలాడేవి, సీసా మూత తీసే కొక్కెం ఉన్నవి.

మా ఆయన మొహంలోకి చాలా రోజుల తర్వాత పనివాడి చూపు వచ్చింది. ఒక్కొక్కటే తీసి చెవి దగ్గర ఆడించాడు. మడత దగ్గర మేకు వదులుంటే లొటలొటమంటుందట. "ఇది పారెయ్" అన్నాడు. స్టీలుది చూసి, "బందరు గాలికి తుప్పు పట్టదు, నిజమే. కానీ పదును నాలుగు రోజులు నిలవదు" అన్నాడు. ఇంకోదాన్ని అరచేతిలో తూచి, "రొంటిన ఉంటే ఉన్నట్టు తెలియాలి గానీ పంచె లాగకూడదు" అన్నాడు. చివరికి ఒకటి నచ్చింది. పిడి మోకాళ్ల మధ్య ఇరికించి కుడిచేతి గోటితో లాగాడు. జారిపోయింది. మళ్లీ ఇరికించాడు, మళ్లీ జారింది. అప్పుడు, నేను చూస్తుండగానే, రేకు పళ్లతో పట్టుకుని లాగబోయాడు.

నేను అబ్బా అనలేదు, చెయ్యి అడ్డం పెట్టలేదు. కొట్టాయన కూడా చటుక్కున వెనక్కి తిరిగి, సర్ది ఉన్న తాళాలనే మళ్లీ సర్దడం మొదలెట్టాడు. ఆయన మర్యాద ఈనాటికీ మరిచిపోలేదు నేను. పెదవి చివర చిన్నగా గీసుకుని నెత్తురొచ్చింది. చాకు బల్ల మీద పెట్టేసి కండువాతో అద్దుకున్నాడు.

కొట్టాయన ఇటు తిరిగి నాతో అన్నాడు: "అమ్మా, బేరం పోగొట్టుకుంటున్నానని కాదు గానీ, ఈ రోజు ఏ వారమో చూసుకునే వచ్చారా?"

"అమావాస్యండీ."

"అమావాస్యే. శనివారం కూడానూ. ఇనుము కొనేవాళ్లు ఈ రోజు మా మెట్టు ఎక్కరు. అందుకే పేపరు రెండోసారి చదువుతున్నా."

శనివారం ఇనుము ఇంటికి తెచ్చుకోకూడదని నాకు మాత్రం తెలియదా? కానీ మాకు అమావాస్య గుర్తుంటుంది, వారం గుర్తుండదు. నేతవాళ్లం తప్ప ఇంకెవరూ చేయని తెలివితక్కువ పని.

మా ఆయన అన్నాడు, "శని నన్నెప్పుడో పట్టాడు. కొత్తగా ఏం పడతాడు?"

"మిమ్మల్ని పడితే పట్టాడు, కోసేది పిల్ల చీర" అన్నాను. ఆ మాటకి లేచి కొట్టు మెట్టు దిగాడు.

కొత్తపేట అన్నం

రేపు ఆదివారం, వన్ టౌన్ మూసేస్తారు. అంటే సోమవారం దాకా ఉండాల్సిందే. కొత్తపేటలో కొండవారన మా పిన్ని కూతురు రత్నం ఉంది. తెగిన చెప్పు దారిలోనే పారేసి వెళ్లాం. వాళ్లింటికి మెట్లెక్కాలి. మెట్లు మెట్లుగా ఇళ్లు, ఒకరి గుమ్మం ఇంకొకరి కప్పు ఎత్తున. మా ఊళ్లో నీళ్లు కాలవలోంచి తెచ్చుకుంటాం, అక్కడ కింద పంపు దగ్గర పట్టుకుని బిందె చంకనెత్తుకుని కొండెక్కాలి. రత్నం అలా ఎక్కుతూనే మమ్మల్ని చూసి, "అక్కా, చెప్పాపెట్టకుండానా! బావగారూ, ఒంటి చెప్పుతో వచ్చారేమిటి, రెండోది కట్నంగా నేనివ్వాలా?" అంది.

"ఇస్తే ఇయ్యి, ఎడమకాలిదే కావాలి. కుడిది బానే ఉంది" అన్నాడు ఆయన. రత్నం నవ్వింది. కళ్లు మాత్రం ఆయన ఎడమచేతి మీదికి పోయి వెంటనే పక్కకి తప్పుకున్నాయి.

ఆ పూట తోటకూర పప్పు, వంకాయ కూర. కూర ఇంట్లో చేసింది కాదు. సందు మొదట్లో కర్రీ పాయింటని పెట్టారట, అయిదు రూపాయలకి ప్లాస్టిక్ సంచిలో కట్టి ఇస్తారట. కూర కొనుక్కోవడం నేను అప్పుడే చూశాను. మా దగ్గర కూర పక్కింటికి పంపుతారు, అమ్మరు. రుచి బాగానే ఉంది, కాస్త నూనె ఎక్కువ. సంచి నోటికి రబ్బరు బ్యాండు గట్టిగా చుట్టి ఉంది. మా ఆయన దాన్ని ఒక చేత్తో తీయబోతుంటే రత్నం గబుక్కున అందుకుంది. "నేను తీస్తా బావగారూ." ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత అన్నం కొంచెమే తిన్నాడు. జాలితో అందుకోవడం ఎంత బరువో నాకు ఆ రబ్బరు బ్యాండు దగ్గరే తెలిసింది.

ఆదివారం, ప్లాట్‌ఫారం బేరం

గవర్నరుపేటలో ఆదివారం కొట్లు మూస్తే, ఆ కొట్ల ముందు నేల మీద ఇంకో బజారు తెరుచుకుంటుంది. జాకెట్లు, గాజులు, గడియారాలు, స్టీలు గరిటెలు అన్నీ దుప్పట్ల మీదే. పొద్దున్నే పునుగులు తిన్నాం, అల్లం చట్నీతో. కాకి కూడా కారమని ఎగిరిపోయే చట్నీ. రత్నం తన మొగుడి పాత చెప్పులు ఇచ్చింది. ఒక సైజు పెద్దవి, నడుస్తుంటే టపటపమంటున్నాయి.

దువ్వెనలూ నెయిల్ కట్టర్లూ అమ్మే అతని దగ్గర మా ఆయన ఆగాడు. సంగతి విన్నాక అతను అటూ ఇటూ చూసి, దుప్పటి అంచు కిందనుంచి ఒక చాకు తీశాడు. ఎర్ర పిడి, దాని మీద గుండీ. నొక్కితే రేకు పాములా బయటికి దూకింది. మళ్లీ నొక్కి తొడకి ఆనించి తోస్తే మూసుకుంది. అంతా ఒక్క చెయ్యే.

"నలభై. మీరు కాబట్టి ముప్పై అయిదు."

మా ఆయన తీసుకుని నొక్కాడు. రేకు దూకింది. మూశాడు. మళ్లీ నొక్కాడు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. దసరా ముందు పోయిన వెలుగు తిరిగొచ్చింది. అడిగినది అడిగినట్టు దొరికింది, ఇంకేం కావాలి? కొంగు ముడి విప్పుతున్నాను.

"ఒకటే మాట పెద్దాయనా" అన్నాడు అతను, గొంతు తగ్గించి. "ఊళ్లో బయటికి తీయకండి. బస్సులో అసలు తీయొద్దు. పోలీసులు చూస్తే ఎవరు, ఎందుకు అని అడగరు. బెజవాడ సంగతి తెలుసుగా."

మా ఆయన బొటనవేలు గుండీ మీదే ఉండిపోయింది. తర్వాత రేకు మూసి, వంగి, దుప్పటి మీద దువ్వెనల మధ్య జాగ్రత్తగా పెట్టాడు.

"అయ్యో, ముప్పై ఇవ్వండి పోనీ."

"బేరం గురించి కాదు నాయనా."

నాలుగడుగులు వేశాక నాతో అన్నాడు: "దాచుకుని తిరిగే దాంతో పిల్ల మొదటి బట్ట కోస్తానా?" ఇంకో నాలుగడుగులు వేశాక, "ఇంటికి పోదాం" అన్నాడు. టపటపమంటూ ఆ పెద్ద చెప్పులు నా ముందు నడిచాయి. నాకు దుఃఖం ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

సాన ఉన్న సందు

ఆ సాయంత్రం రత్నం అంది: "ఎలాగూ ఉన్నారు, రేపొక్క పూట ఆగండి. మసీదు సందులో మస్తాన్ గారని సాన పడతారు. మా కత్తిపీటలన్నీ ఆయనే. పాత చాకులు కొని బాగుచేసి అమ్ముతారు కూడా. బావగారూ, మీ కోసం కాదు, మా కత్తిపీట మొద్దుబారింది, దాన్ని మోసుకెళ్లడానికి మనిషి కావాలి నాకు." అలా అంటే గానీ ఈయన కదలడని రత్నానికి తెలుసు.

సోమవారం పొద్దున్న వెళ్లాం. గోడకి చేర్చిన చిన్న పందిరి. మస్తాన్ గారిది మా ఆయన వయసే, గడ్డం నెరిసింది, కళ్లజోడు తాడుతో కట్టుకున్నాడు. ఆయన ఎదురుగా ఆయన భార్య ఫాతిమా గారు కూచుని సానచక్రం పిడి తిప్పుతున్నారు. ఆవిడ తిప్పుతుంటే ఆయన రేకు ఆనిస్తున్నాడు, నిప్పురవ్వలు లేస్తున్నాయి. కత్తిపీట పని అయ్యాక మా ఆయన్నే ముందు పెట్టి నేను సంగతంతా చెప్పాను. చీర సంగతి, పద్ధతి సంగతి, గుండీ చాకు సంగతి.

మస్తాన్ గారు ఓపిగ్గా విని, "గుండీది వదిలేసి మంచి పని చేశారు అన్నగారూ. దాని స్ప్రింగు కూడా ఆర్నెల్లు రాదు" అన్నాడు. రేకు డబ్బాలోంచి ఒక చాకు వెతికి తీశాడు. రేకు పాత ఉక్కు, పిడి కొత్తగా వేసిన టేకు చెక్క. మా ఆయన చెవి దగ్గర ఆడించి చూశాడు. చప్పుడు లేదు. అరచేతిలో తూచాడు. రేకు మీద గోటితో మీటి విన్నాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

"తెరవడమే కదా మీ బాధ? మడత దగ్గర ఉక్కు మెత్తగా ఉంటుంది, అక్కడ బెజ్జం పడుతుంది. ఇత్తడి బొడిపె ఒకటి దిగ్గొడతా. బొటనవేలితో తోస్తే రేకు వచ్చేస్తుంది. రెండు గంటలు కూచోండి."

కూచున్నాం. ఫాతిమా గారు గాజుగ్లాసుల్లో టీ ఇచ్చారు, యాలకులు దంచి వేసి. మస్తాన్ గారు బెజ్జం వేసి, బొడిపె దిగ్గొట్టి, ఆకురాయితో నున్నగా చేశాడు. చాకు మూసి చెక్క పలక మీద పెట్టాడు. "మాలోనూ చేతికి ఇవ్వం అక్కా, తగువులొస్తాయంటారు" అన్నారు ఫాతిమా గారు నాతో.

మా ఆయన పలక మీంచి తీసుకున్నాడు. బొటనవేలు బొడిపె మీద పెట్టి తోశాడు. మొదటిసారి జారింది. రెండోసారి రేకు మెల్లిగా లేచి, చివర్లో టక్కున నిలబడింది. నేను దేవుణ్ణి తలుచుకున్నాను.

"ఇప్పుడు మూయడం ఎట్టా?" అన్నాడు ఆయన.

మస్తాన్ గారు కళ్లజోడు తీశాడు. "అది నా వల్ల కాదు అన్నగారూ. స్ప్రింగు వదులు చేస్తే ఒక చేత్తో మూయొచ్చు. కానీ కోసేటప్పుడు రేకు మీ వేళ్ల మీదికే మడత పడుతుంది. ఉన్న చెయ్యి అదొక్కటే, దాన్ని నేను పాడుచేయను. ఇది తెరవడానికి ఒక చెయ్యి చాలు. మూయడానికి రెండోది కావాల్సిందే."

మా ఆయన చాకు అలాగే తెరిచి పలక మీద పెట్టేశాడు. "అయితే నాకు పనికిరాదు" అని లేచాడు. లేచి నిలబడ్డాడు గానీ సందులోకి వెళ్లడానికి చోటు లేదు. ఎవరో దర్జీ కత్తెరలు పట్టుకొచ్చి దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. మస్తాన్ గారు ఆ కత్తెర అందుకుని చక్రం ముందు కూచున్నాడు. కూచుని ఊరుకున్నాడు. ఫాతిమా గారు టీ గ్లాసులు కడుగుతున్నారు.

"ఏంటండీ, పట్టండి" అన్నాడు దర్జీ.

"ఆవిడ రావాలిగా."

ఫాతిమా గారు చేతులు తుడుచుకుంటూ వచ్చి పిడి పట్టుకున్నారు. "పెళ్లైన దగ్గర్నుంచీ ఇదే వరస అక్కా. తిప్పేది నేను, మస్తాన్ సాన అని పేరు ఈయనది. ఒక రోజు జ్వరం వచ్చి పడుకుంటే ఊరి కత్తులన్నీ మొద్దుబారి కూచున్నాయి."

"ఆ రోజు బేరం పోతే పోయింది, ఇల్లు ప్రశాంతంగా ఉంది" అన్నాడు మస్తాన్ గారు, కత్తెర మీంచి చూపు తిప్పకుండా.

చక్రం తిరిగింది. రవ్వలు లేచాయి. మా ఆయన నిలబడే చూశాడు. ఒక కత్తెర అయింది, రెండోది అయింది. దర్జీ వెళ్లిపోయాడు, దారి ఖాళీ అయింది. ఈయన మాత్రం కదల్లేదు. కాసేపటికి మళ్లీ పీట మీద కూచుని, పలక మీద తెరిచి ఉన్న చాకుని వేలితో కొంచెం ముందుకి జరిపాడు.

"పదును పెట్టండి" అన్నాడు.

చాకుకి ముప్పై అయిదు, పదునుకి అయిదు తీసుకున్నాడు మస్తాన్ గారు. బొడిపెకి ఏమీ వద్దన్నాడు. పదును పెట్టిన రేకుని ఫాతిమా గారు మూసి పలక మీద పెట్టారు. మా ఆయన రొంటిన దోపుకుని పైనుంచి ఒకసారి తడుముకున్నాడు.

ఉయ్యూరు మీదుగా

తిరుగు ప్రయాణం బందరు బస్సులో. కంకిపాడు దాటాక ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీ వాసన ముందే ఎదురొస్తుంది, బెల్లం మాడినట్టు. చెరుకు బళ్లు అడ్డం వచ్చి బస్సు చాలాసేపు ఆగింది. మా ముందు సీట్లో ఒకాయన బట్టల మూట తాడు విప్పలేక, "ఎవరి దగ్గరన్నా బ్లేడు ముక్కుందా అండీ?" అని వెనక్కి తిరిగాడు. మా ఆయన చెయ్యి రొంటికి పోయింది. అక్కడే ఆగింది. ఇంకెవరో బ్లేడు ఇచ్చారు.

ఎవరికి అవసరమొచ్చినా లేచి వెళ్లే మనిషి. నేను ఆశ్చర్యంగా చూస్తే, చెవి దగ్గరికి వంగి, "మొదటి కోత పిల్లది" అన్నాడు.

కోత

మంగళవారం నాగమణి మిగిలిన జానెడూ నేసింది. బుధవారం పొద్దున్నే, షావుకారు గారి మనిషి రాకముందే, మగ్గానికి పసుపూ కుంకుమా పెట్టి, ఊదొత్తి వెలిగించాను. ఎదురింటి రాములు మావయ్య, ఇంకో ఇద్దరు ముగ్గురు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నాగమణి గుంటలోనే కూచుంది. మా ఆయన గుంట గట్టు మీద కూచుని ఎడమచెయ్యిని కుడిచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు.

రొంటిలోంచి చాకు తీశాడు. బొటనవేలు బొడిపె మీద ఆనించి తోశాడు. జారింది. నాగమణి చేతులు ఒళ్లో బిగించుకుంది, అందుకోవాలని లేచే చేతుల్ని పట్టి ఆపుకున్నట్టు. రెండోసారి తోశాడు. రేకు లేచి టక్కున నిలబడింది.

మగ్గం మీద బట్ట బిగువుగా ఉంటుంది, ఇంకో చెయ్యి పట్టుకోనక్కర్లేదు. ఒక అంచు దగ్గర మొదలెట్టి, పోగు పోగూ వింటున్నట్టు నెమ్మదిగా అవతలి అంచుదాకా కోసుకుంటూ వచ్చాడు. బట్ట విడిపోతుంటే సన్నటి చప్పుడు. చివరి పోగు తెగగానే చీర వదులై పిల్ల ఒళ్లోకి జారింది.

అప్పుడు వచ్చింది చిక్కు. తెరిచిన చాకు చేతిలో ఉంది. కింద పెడదామంటే గుంట, పక్కన పెడదామంటే పడుగు పోగులు. పదునున్న రేకు పోగుల మీద పెట్టకూడదు. చేతికివ్వకూడదు. మూయడానికి రెండో చెయ్యి లేదు. గుమ్మంలో వాళ్లు చూస్తున్నారు. నేను ఒక అడుగు వేసి ఆగిపోయాను.

ఆయన మొన కిందికి దించి, పదును తన వైపు తిప్పి, చాకుని పిల్ల ముందుకి చాచాడు. పిడి మాత్రం వదల్లేదు.

"మూయమ్మా" అన్నాడు.

నాగమణి రేకు వీపు మీద రెండు వేళ్లు పెట్టి మెల్లిగా మడిచింది. పిడి ఆయన చేతిలోనే ఉంది, రేకు పిల్ల చేత్తో మూసుకుంది. ఇచ్చినట్టూ కాదు, పుచ్చుకున్నట్టూ కాదు. రాములు మావయ్య ఒక్కడే అన్నాడు, "పద్ధతి తప్పలేదు" అని.

మా ఆయన చాకు రొంటిన దోపుకుని, "రేపు కొత్త పడుగు అతకాలి, పొద్దున్నే లేవాలి" అన్నాడు పిల్లతో. పిల్ల తల వంచుకుని, "నడుము ఏడుస్తోంది నాన్నా" అంది. అంటూనే చీర మడతపెట్టడానికి రెండో కొస ఆయన చేతికి అందించింది.

ఆ చాకు ఆయన ఉన్నన్నాళ్లూ ఆయన రొంటినే ఉంది. జామకాయలు కోసింది, ముళ్లు తీసింది, తాళ్లు తెంచింది. తెరవడం ఎప్పుడూ ఆయనే. పని అయ్యాక దగ్గర ఎవరుంటే వాళ్ల ముందుకి చాచి "మూయి" అనేవాడు. నేనో, పిల్లో, దారినపోయే ఎవరో.

ఇంక లేవండి, పొద్దుపోతోంది. మీ ఇంట్లో మగ్గమో, పొయ్యో, ఏది మీకు కూడు పెడుతుందో దాని చప్పుడు ఆగకుండా ఉండాలి. మీ చేతులు చల్లగా ఉండాలి. మీరు తెరిచినదాన్ని మూసే ఇంకో చెయ్యి మీ గడపలో ఎప్పుడూ ఉండాలి, మీ పిల్లలకీ ఉండాలి, వాళ్ల పిల్లలకీ ఉండాలి.